అడ్రసబుల్ అంటే అడ్రసబులే కద సార్!

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా కోపంతో రాస్తున్నాను. సగం కోపం మా అపార్టుమెంటు కమిటీ మీద, మిగతా సగం నా మీద. ఆ కమిటీ మీటింగులో కూర్చుని, టీ తాగి, మినిట్స్ బుక్కులో సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను మరి.

జరిగింది ఇదీ. మాది హైదరాబాదులో తొమ్మిదంతస్తుల బిల్డింగు. గేటు పక్కన సెక్యూరిటీ రూములో ఎర్ర రంగు ఫైర్ ప్యానెల్ ఉంటుంది. కారిడార్లలో, ఎలక్ట్రికల్ షాఫ్టుల్లో, సెల్లారులో స్మోక్ డిటెక్టర్లు. వాటిలో కొన్ని పదేళ్ళు దాటిపోయి, దుమ్ము పట్టి, ఊరికే అరవడం మొదలెట్టాయి. ఏఎంసీ చూసే కాంట్రాక్టరు వచ్చి 22 మార్చాలన్నాడు. పాత కంపెనీవే అయితే ఒక రేటు, ఇంకో కంపెనీవి అయితే దాదాపు సగం రేటు. మీటింగులో ఏం జరిగుంటుందో మీరు ఊహించగలరు. ఎక్సెల్ షీట్ ప్రొజెక్టర్ మీద వేశారు. అందులో కంపెనీ పేరు, సంఖ్య, ధర, మొత్తం, అంతే. ఇంకో కాలమ్ లేదు.

మా నాన్న బదులు మీటింగులకి వెళ్ళేది నేనే. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా బాబూ, ఏమన్నా అడుగు" అన్నారు సెక్రటరీ గారు. నేను తెలివిగా అడిగాననుకున్నాను: "ఇవి మన ప్యానెల్‌తో పనిచేస్తాయా?" అతను నవ్వి, "మనది అడ్రసబుల్ ప్యానెల్, ఇవి అడ్రసబుల్ డిటెక్టర్లు. అడ్రసబుల్ అంటే అడ్రసబులే కద సార్! ఉండేది రెండు వైర్లే" అన్నాడు. నేను తలూపాను.

ఆలోచించండి. ఆఫీసులో ఎవడైనా వచ్చి "మీదీ వెబ్ సర్వీసే, మాదీ వెబ్ సర్వీసే, రెండింటికీ మధ్య ఉండేది నెట్‌వర్క్ కేబులే కదా, ఎందుకు కలవవు?" అంటే వాణ్ణి మనం బతకనిస్తామా? ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్ ఏదీ, వెర్షన్ ఎంత, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఎక్కడ, ఎర్రర్ వస్తే ఏం చేస్తుంది అని వంద ప్రశ్నలు వేస్తాం. ఒక లాగిన్ పేజీకి వేసే ప్రశ్నలు మా అమ్మా నాన్నా పడుకునే ఇంటి పైకప్పుకి వెయ్యలేదు నేను.

పాతవి విప్పి, బేసులతో సహా మార్చి, కొత్తవి బిగించారు. ప్యానెల్ ఒకటే గోల. 22 చోట్ల డివైస్ లేదని ఫాల్ట్. అప్పుడు ఆ టెక్నీషియన్ ప్యానెల్ తెరిచి, మెనూలోకి వెళ్ళి, ఆటో లెర్న్ అని ఒకటి నొక్కాడు. రెండు నిమిషాల్లో గోల ఆగిపోయింది. స్క్రీను మీద "సిస్టమ్ నార్మల్" అని వచ్చింది. అందరం సంతోషించాం. బిల్లు కట్టేశాం.

ఆటో లెర్న్ అంటే ఏమిటో నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. ప్యానెల్ లూప్ మొత్తాన్ని ఒకసారి పిలిచి, ఎవరు పలికితే వాళ్ళనే లెక్కలో రాసుకుంటుంది. పలకనివాళ్ళు అసలు లేనట్టే. మా ప్యానెల్ లెక్కలో అంతకు ముందు 146 డివైసులుండేవి. ఆ రోజు తర్వాత 124. ఆ 22 డిటెక్టర్లు కప్పుకి అందంగా వేలాడుతున్నాయి, వాటికి కరెంటు అందుతోంది, కానీ ప్యానెల్ భాష వాటికి రాదు. మన భాషలో చెప్పాలంటే, 22 టెస్టులు ఫెయిలైతే కోడు సరిచెయ్యకుండా ఆ టెస్టులు డిలీట్ చేసి, బిల్డ్ పచ్చగా ఉందని రిలీజ్ చేశాం.

నాలుగు నెలలకి నాలుగో అంతస్తు ఎలక్ట్రికల్ షాఫ్టులో కేబుళ్ళు కాలడం మొదలయ్యాయి. రాత్రి రెండు దాటింది. అమెరికా కాల్‌లో ఉన్న 403 కుర్రాడికి వాసన వచ్చి తలుపు తీస్తే కారిడారంతా పొగ. అతను ప్రతి తలుపూ బాది అందరినీ లేపాడు. 401లో తాతగారు కంగారుగా తలుపు తీసుకుని నేరుగా పొగలోకి నడిచారు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. మేమంతా కిందికి దిగాక సెక్యూరిటీ రూములోకి పరుగెత్తి వాచ్‌మన్‌ని అడిగితే, పాపం అతను బిత్తరపోయి చెప్పిందిది: "డబ్బల ఏం రాలే సార్. నార్మల్ అనే ఉంది."

నిజమే, నార్మల్ అనే ఉంది. నేనే చూశాను.

ఇది మా ఒక్క బిల్డింగు గోల అనుకుంటే ఈ టపా రాసేవాణ్ణి కాదు. అడ్రసబుల్ లూప్ సంగతి కాస్త చెప్తాను, ఇంజనీరింగ్ చదివిన మనకి ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. ప్యానెల్ నుంచి రెండు వైర్లు బయల్దేరి, బిల్డింగంతా తిరిగి, మళ్ళీ ప్యానెల్‌కే వస్తాయి. ఆ రెండు వైర్ల మీదే సుమారు 24 వోల్టుల కరెంటు, దాని మీదే డేటా. ప్రతి డిటెక్టర్‌కీ ఒక నంబరు. ప్యానెల్ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది, వాళ్ళు తమ రీడింగ్ చెప్తారు. మనకు తెలిసిన పోలింగే. కానీ ఆ పిలిచే భాష ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. అపోలో వాళ్ళది ఒకటి, హొచికి వాళ్ళది ఒకటి, సిస్టమ్ సెన్సర్ వాళ్ళది ఇంకొకటి. అన్నీ అడ్రసబులే. ఒకడితో తెలుగులో, ఇంకొకడితో జపనీస్‌లో మాట్లాడితే ఇద్దరికీ చెవులున్నాయి కదా అంటే ఎలా?

పోనీ చిన్న బిల్డింగులకీ షాపులకీ వేసే పాతకాలపు కన్వెన్షనల్ సిస్టమ్ అయితే గొడవ ఉండదా అంటే, అక్కడా ఉంది. అందులో నంబర్లు ఉండవు, ప్యానెల్ ఆ లైనులో పారే కరెంటు చూసి విషయం గ్రహిస్తుంది. లైను చివర ఒక రెసిస్టర్ ఉంటుంది. దానివల్ల కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ పారుతుంటుంది. అది సున్నా అయితే వైరు తెగినట్టు, బాగా పెరిగితే డిటెక్టర్ అరిచినట్టు. ఇప్పుడు ఈ లైను మీద వేరే కంపెనీ డిటెక్టర్లు పెడితే? అవి మామూలుగా తాగే కరెంటు, అరిచినప్పుడు లాగే కరెంటు ప్యానెల్ అంచనాకి సరిపోవాలి. లేకపోతే ఊరికే అరుస్తుంది, లేదా నిజంగా పొగొచ్చినా ప్యానెల్‌కి అర్థం కాదు. అందుకే అమెరికాలో యూఎల్ వాళ్ళు రెండు వైర్ల డిటెక్టర్ ఏ ప్యానెల్‌తో సరిపోతుందో జత జతగా చూసి లిస్ట్ చేస్తారు. యూరప్‌లో ఈఎన్ 54 ప్రమాణాల్లో 13వ భాగం మొత్తం ఈ సరిపోవడం గురించే. అంటే "రెండు వైర్లే కద సార్" అన్న ప్రశ్నకి ప్రపంచం ఎప్పుడో జవాబు రాసి పెట్టింది. చదివే ఓపిక మనకి లేదు.

ఆ చివరి రెసిస్టర్ గురించి ఇంకో మాట. కొంతమంది మహానుభావులు దాన్ని లైను చివర కాకుండా ప్యానెల్ లోపలే టెర్మినల్స్ మీద బిగించేస్తారు. పని సులువు. కానీ ఇక బయట వైరు తెగిపడినా ప్యానెల్ నార్మల్ అనే అంటుంది. సర్వర్ చచ్చిపోయినా హార్ట్‌బీట్ పంపే స్క్రిప్టు ఒకటి మన లాప్‌టాప్‌లో నడుస్తున్నట్టు!

సరే, అపార్టుమెంటు సంగతి కమిటీ చూసుకుంటుంది, నేను నా ఫ్లాటులోకి ఆన్‌లైన్‌లో వైఫై స్మోక్ డిటెక్టర్ కొన్నాను, ఫోనులో నోటిఫికేషన్ వస్తుంది, నాకేం భయం అనే మిత్రులున్నారు. వాళ్ళ కోసం ఇది.

మనం రెండింటినీ డిటెక్టర్ అనే అంటాం గానీ, అమెరికా కోడుల్లో వీటికి రెండు వేర్వేరు పేర్లున్నాయి. తనే పొగని పసిగట్టి, తనే అరిచేది స్మోక్ అలారం. పొగని పసిగట్టి ప్యానెల్‌కి చెప్పేది స్మోక్ డిటెక్టర్, అరిచే పని ప్యానెల్‌కి కట్టిన హూటర్లది. మీరు కొన్నది మొదటి రకం. అది మీ ఫ్లాటులో అరుస్తుంది, మంచిదే, ఏమీ లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ అది అరిచిన సంగతి కింద సెక్యూరిటీకి తెలీదు, పై అంతస్తు వాళ్ళకి తెలీదు. అలాగే కారిడారులో పొగొస్తే మీ అలారంకి తెలీదు. అది మీ ఒక్కరి గొడుగు. ఇక ఫోను నోటిఫికేషన్ అంటారా, షార్ట్ సర్క్యూట్‌లో ముందు పోయేది కరెంటు, దాంతోపాటు మీ రౌటరు. ఒకవేళ వచ్చినా, మీరప్పుడు మీటింగులో ఫోను సైలెంట్‌లో పెట్టుకుని ఉంటారు.

"స్మార్ట్" అన్న మాట వినగానే మనకి ఒళ్ళు మరిచిపోయే జబ్బుంది. నెస్ట్ ప్రొటెక్ట్ గుర్తుందా? 2013లో వచ్చింది. మన జాతి జనులంతా ఎగబడి మెచ్చుకున్న డబ్బా. వంట పొగకి అరిస్తే దాని ముందు చెయ్యి ఊపితే చాలు, నోరు మూసుకునేది. తీరా నిజంగా మంట వచ్చినప్పుడు కంగారులో దాని దగ్గర చేతులూ కాళ్ళూ కదిలినా అరవడం ఆలస్యం కావచ్చని వాళ్ళకే తేలింది. 2014 ఏప్రిల్లో అమ్మకాలు ఆపారు. మే నెలలో సుమారు 4,40,000 డబ్బాలకి రీకాల్ ప్రకటించి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఆ ఫీచరు పీకేశారు. 2025 మార్చిలో గూగుల్ వాళ్ళు దాన్ని తయారు చెయ్యడమే మానేస్తున్నామని చెప్పారు. వాళ్ళని తిట్టడానికి కాదు ఇది చెప్పేది. తప్పు ఒప్పుకుని సరిచేశారు. నేననేది, ముచ్చటైన ఫీచర్ల పట్టిక చూసి ప్రాణాలు కాపాడే వస్తువుని కొనే మన అలవాటు గురించి.

అమెరికాలో ఉన్న మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. అక్కడ ఇళ్ళలో అలారాలు ఒకదానికొకటి వైరుతో కలిపి ఉంటాయి, ఒకటి అరిస్తే అన్నీ అరుస్తాయి. చాలా మంచి ఏర్పాటు. మనవాళ్ళు ఏం చేస్తారు? పులిహోర తాలింపులో ఎండుమిరపకాయలు వెయ్యగానే ఇల్లంతా అరుస్తుంది. వెంటనే కుర్చీ ఎక్కి దానికో ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. పండగ అయిపోతుంది, చుట్టాలు వెళ్ళిపోతారు, కవరు మాత్రం అక్కడే ఉంటుంది. అయ్యా, దానికి మందు కవరు కాదు. పాతకాలపు అయొనైజేషన్ రకంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం చిటికెడు కన్నా తక్కువ ఉంటుంది. అది భగ్గున మండే మంటని త్వరగా పసిగడుతుంది కానీ, వేడి నూనె ఆవిరికి కూడా బెదిరిపోతుంది. ఫొటోఎలక్ట్రిక్ రకం పొగ మీద కాంతి చెదరడాన్ని చూస్తుంది, రాజుకుంటూ పొగలు కక్కే పరుపుల్నీ సోఫాల్నీ ముందు పట్టేది ఇదే. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో ఫొటోఎలక్ట్రిక్ పెట్టుకోండి. వంటింట్లోపల కావాలంటే పొగని కాకుండా వేడిని చూసే హీట్ డిటెక్టర్ ఉంది. దేవుడి గది దగ్గరా ఇదే లెక్క, సాంబ్రాణి పొగకి అది ఏం చేస్తుంది పాపం! అమెరికా వాళ్ళ యూఎల్ 217 కొత్త ఎడిషన్లో వంట పొగకి త్వరపడి అరవకూడదనే పరీక్ష కూడా చేర్చారు. కాకపోతే ఆ పరీక్షలో కాల్చేది హాంబర్గర్, మన తాలింపు కాదు :)

మార్చాల్సి వస్తే మాన్యువల్‌లో ఏ మోడల్‌తో ఏది కలపొచ్చో చూసి మార్చండి. వెనక తయారీ తేదీ ఉంటుంది, పదేళ్ళు దాటితే బ్యాటరీ మార్చి లాభం లేదు, మొత్తం మార్చాల్సిందే.

ఇక్కడ ఒక మిత్రుడు తప్పకుండా లేచి నించుంటాడని తెలుసు. "ఇదంతా వెండర్ లాక్-ఇన్ కదా? ఒకే కంపెనీది కొనమని నువ్వే చెప్తున్నావా?" అని. నిజమే, లాక్-ఇన్నే. రెండు వైర్ల మీద పోలింగ్ చేసే ప్రోటోకాల్‌ని రహస్యంగా ఉంచుకుని, ఆ తర్వాత స్పేర్ డిటెక్టర్ని నోటికొచ్చిన రేటుకి అమ్మే వ్యాపారం నాకూ ఒళ్ళు మండే విషయమే. కానీ దాని మీద పోరాడాల్సింది ప్యానెల్ కొనేటప్పుడు. అపోలో, హొచికి లాంటి వాళ్ళ ప్రోటోకాల్స్‌ని వేర్వేరు కంపెనీల ప్యానెళ్ళు వాడుకుంటాయి. అలాంటి ప్యానెల్ ఎంచుకుంటే రేపు ప్యానెల్ కంపెనీతో గొడవొచ్చినా డిటెక్టర్లు అలాగే ఉంచుకుని ప్యానెల్ మార్చుకోవచ్చు. బిల్డరు వేసిన ప్యానెల్‌ని ఎవరూ ఏమీ అడగకుండా తీసుకుని, పదేళ్ళ తర్వాత డిటెక్టర్ల దగ్గర స్వాతంత్ర్య పోరాటం చేస్తానంటే అది పోరాటం కాదు, మూర్ఖత్వం. మేం చేసిందదే.

ఆఫీసుల్లో ఇంకో మెలిక ఉంది. మన ఆఫీసు తలుపులన్నీ కార్డు చూపిస్తే తెరుచుకునే అయస్కాంతం తాళాలు. ఫైర్ అలారం మోగగానే అవి వాటంతటవే వదిలెయ్యాలి, ఏసీ గాలి ఆగాలి, లిఫ్టులు కిందికి వెళ్ళి నిలబడాలి. ఇవన్నీ జరగాలంటే మొదట ఆ డిటెక్టర్ మాట ప్యానెల్‌కి అర్థం కావాలి. మీ ఫ్లోరు ఇంటీరియర్ చేసిన వాడు ఫాల్స్ సీలింగ్‌కి నప్పేలా వేరే డిటెక్టర్లు పెట్టి, బిల్డింగు ప్యానెల్‌కి కలిపానని చెప్పి వెళ్ళిపోయి ఉండొచ్చు. మీ ఫ్లోరులో డ్రిల్ అంటే ఏమిటి? ఎవరో ఒకరు బ్రేక్ గ్లాస్ నొక్కితే మనం ఫోన్లు పట్టుకుని కిందికి దిగి సెల్ఫీ తీసుకోవడం. డిటెక్టర్‌కి పొగ చూపించి చేసిన డ్రిల్ మీరెప్పుడైనా చూశారా? నేను ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా చూడలేదు.

2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. అందరూ మనకన్నా చిన్నవాళ్ళు, ఊళ్ళ నుంచి ఉద్యోగానికి వచ్చి ఆఫీసులో ఉన్నవాళ్ళు. ప్రాణం తీసింది మంట కాదు, పొగ. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో తెల్లవారాక 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడ డిటెక్టర్లు ఉండుంటే ఏమయ్యేదో చెప్పడానికి నేనెవర్ని? నాకు తెలిసింది ఒక్కటే, పొగ విషయంలో మనకి దొరికేవి నిమిషాలే. ఆ నిమిషాలు కొనుక్కోవడానికే ఈ డబ్బాలు. నిమిషాలు ఇవ్వని డబ్బాని సగం రేటుకి కొంటే అది ఆదా కాదు.

మా తాతగారు క్షేమంగా ఇంటికొచ్చారు. చూడ్డానికి వెళ్తే, "నీది కంప్యూటర్ల ఉద్యోగమే కదా నాయనా, అది ఎందుకు మోగలేదంటావు?" అని అడిగారు. జవాబు నాకు తెలుసు. ఆ ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ తక్కువైంది కాబట్టి. ఆయన మొహం చూసి ఆ మాట అనలేక, "వైరింగ్ ప్రాబ్లం తాతగారూ" అని వచ్చేశాను.

ఇప్పుడు మా కమిటీలో ఆ కాలమ్ ఉంది. మీరూ పెట్టించండి. ఎక్కువేం కాదు:

1. కొటేషన్ కన్నా ముందు ప్యానెల్ కంపెనీ, మోడల్ నంబరు రాసుకోండి. ఈ డిటెక్టర్ మోడల్ ఈ ప్యానెల్‌తో పనిచేస్తుందని ప్యానెల్ కంపెనీ రాసిచ్చిన కాగితం అడగండి. కాంట్రాక్టరు నోటిమాట చెల్లదు.

2. పని మొదలెట్టే ముందు ప్యానెల్‌లో ఎన్ని డివైసులున్నాయో ఫోటో తీసుకోండి. పని అయ్యాక మళ్ళీ చూడండి. ఒక్కటి తగ్గినా బిల్లు ఆపండి.

3. మార్చిన ప్రతి డిటెక్టర్‌కీ టెస్ట్ స్ప్రే కొట్టించండి. అయస్కాంతం తాకించి చూపిస్తే ఒప్పుకోవద్దు, లోపలికి పొగ దూరుతోందో లేదో దానివల్ల తెలీదు. ప్యానెల్ మీద సరైన అంతస్తు పేరు రావాలి, హూటర్ మోగాలి, తలుపులు వదలాలి.

4. ఆటో లెర్న్ నొక్కాలంటే కమిటీ వాళ్ళు ఎవరైనా పక్కన ఉండాలి. పాస్‌వర్డ్ కాంట్రాక్టరు జేబులో కాదు, సెక్రటరీ గారి దగ్గర ఉండాలి.

ఇవేమీ కొత్తవి కావు. రోజూ ఆఫీసులో మనం చేసేవే, జీతం తీసుకుని మరీ చేసేవే. ఈ రోజు సాయంత్రం వాకింగుకి దిగినప్పుడు ఒక్కసారి సెక్యూరిటీ రూములోకి తొంగి చూడండి. నార్మల్ అని ఉంటే సంబరపడి వెనక్కి రాకండి. ఎంతమందిని అడిగి నార్మల్ అంటోందో లెక్క చూసి రండి.